గుతప నుంచి అల్యూమినియం దాకా

సూర్యాపేట జిల్లా తుంగతుర్తి సీమలో చేతికర్ర కథ చెప్పాలంటే ఫణిగిరి గుట్ట దగ్గర మొదలుపెట్టాలి. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ బౌద్ధ భిక్షువులుండేవారు. భిక్షువు జబ్బుపడితే తప్ప కర్ర పట్టకూడదు, పట్టాలన్నా సంఘం అనుమతి కావాలంటుంది వినయ పిటకం. ఆ గుట్ట ఎక్కినవాళ్లకు ఈ నియమం కాస్త కఠినంగానే తోస్తుంది.

తర్వాత శతాబ్దాల తరబడి కట్టె గొల్లకురుమలదే. మంద వెంట రోజంతా నడిచేవాడికి కట్టె ఎంపిక ఆషామాషీ కాదు. బోలు లేని గట్టి వెదురు, కణుపులు దగ్గర దగ్గరగా ఉన్నది చూడాలి. కొట్టాక నీడనే ఆరబెట్టాలి, ఎండలో వేస్తే నెర్రెలిస్తుంది. వంకరుంటే సెగ చూపి సాపు చేసి, నూనె పట్టించి, అడుగున ఇనుప పొన్ను బిగిస్తే రాళ్ల మీద మొన చీలదు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల జాతర ఈ నడక మనుషులదే.

1940లలో, తెలంగాణ సాయుధ పోరాటంలో ఆ కర్రే పొట్టిదై, లావెక్కి గుతపయింది. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య నేలకొరిగాక పల్లెలు గుతపలు, వడిసెలలు, కారం పట్టుకుని లేచాయి. ఆ పోరును నడిపినవారిలో భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం ఈ ప్రాంతంవారే. పోరు ముదిరాక తుపాకులొచ్చాయి, గుతప వెనకబడింది.

నడక కర్ర మళ్లీ కొత్త రూపెత్తింది మాత్రం పరాయి దేశంలో. 1970లలో జర్మనీకి చెందిన లేకి కంపెనీ పొడవు మార్చుకునే గొట్టాల కర్ర తెచ్చింది. ఇవాళ ట్రెక్కింగ్ పోల్ కొనబోతే దుకాణదారు ముందు కార్బన్‌దే చూపిస్తాడు. తేలికే, కాదనను. కానీ పక్కనుంచి రాయి తగిలితే పైకి కనబడకుండా దెబ్బతిని, ఎప్పుడో బరువు మోపినప్పుడు పుటుక్కున విరుగుతుంది. అల్యూమినియం వంగుతుంది. వంగినదాన్ని మోకాలికి ఆనించి కొంత సరిచేసుకుని ఊరు చేరొచ్చు. రోజుల తరబడి నడిచేవాడికి నా ఓటు దానికే, 7075 రకం మిశ్రలోహమైతే మరీ మేలు. గొట్టాలను మెలితిప్పి బిగించే తాళంలో దుమ్ము పడితే జారుతుంది. మన చెలకదారులకు బయట మీట ఉన్నదే నయం. పట్టుకుని నిలబడితే మోచేయి లంబకోణంలో ఉండాలి, గుట్ట దిగేటప్పుడు కాస్త పొడవు పెంచుకోవాలి. మొనకు ఇప్పుడు ఇనుప పొన్ను బదులు టంగ్‌స్టన్ కార్బైడ్ వేస్తున్నారు. తారురోడ్డు మీద దానికి రబ్బరు టోపీ తొడగాలి. ఎంత గట్టిదైనా ముందు అరిగేది మొనే కాబట్టి, విడి మొనలు దొరకని కర్ర సగం ధరకిచ్చినా కొనొద్దు.