దొర లేని సాని

దొరసాని అంటే గౌరవం. మంత్రసాని అంటే పని. వట్టి సాని అంటే తిట్టు. మూడింట్లోనూ ఉన్నది ఒకే మాట. స్వామిని అనే సంస్కృత పదం తెలుగు నోళ్లలో నలిగి సాని అయిందంటాయి నిఘంటువులు. స్వామిని అంటే యజమానురాలు, పెద్దింటి ఆడమనిషి. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు నాటికే ఈ మాటకి 'గొప్పింటి స్త్రీ' అన్న అర్థమూ, 'ఆటకత్తె, వేశ్య' అన్న అర్థమూ పక్కపక్కన చేరిపోయాయి.

భాషాశాస్త్ర పాఠాల్లో దీన్ని అర్థాపకర్ష అంటారు. ఒకప్పుడు పరిమళమన్న అర్థం ఉన్న 'కంపు' ఇప్పుడు దుర్వాసన అయింది కదా, సాని కూడా అలాగే దిగజారిందని ఒక ఉదాహరణ చెప్పి ముందుకెళ్లిపోతారు. కానీ కంపు దిగజారితే ఎవరి మాన్యాలూ పోలేదు. సాని దిగజారడం వెనక పోయినవి చాలా ఉన్నాయి. అందుకే ఇది వ్యాకరణం పాఠంలో తేలిపోయే విషయం కాదు.

కాకతీయుల, రెడ్డిరాజుల కాలపు శాసనాలు చూడండి. నాయకుల, రెడ్ల ఇళ్ల ఆడవాళ్ల పేర్ల చివర సాని కనిపిస్తుంది. గుడిలో సేవ చేసే స్త్రీల పేర్ల చివరా అదే సాని. రెండు చోట్లా అది మర్యాదే. కోస్తా గుళ్ల శాసనాల్లో 'సాని మున్నూరు' అనే మాట వస్తుంది. మున్నూరు అంటే మూడు వందలు. అదొక సమూహం పేరు. గుడికి ఎవరైనా దానమిస్తే, అది సక్రమంగా నడిచేలా చూసే బాధ్యత కొన్నిసార్లు ఈ సానుల మీద కూడా పెట్టేవారు. సానులు కేవలం సేవకులు కారు, దాతలు కూడా. గుడిలో అఖండ దీపం పెట్టించడమంటే చిన్న సంగతి కాదు. ఒక్క దీపానికి నెయ్యి అందాలంటే యాభై గొర్రెలో, పాతిక ఆవులో ఇవ్వడం ఆనాటి ఆనవాయితీ. అలాంటి దీపాలు పెట్టించిన సానులున్నారు. ఈ శాసనాల మీద పనిచేసిన చరిత్రకారిణి సింథియా టాల్బట్ గమనించిన విషయం ఒకటుంది: ఈ స్త్రీలు తమని ఫలానా నాయకుడి కూతురిగా, ఫలానా సెట్టి కూతురిగా చెప్పుకున్నారు. అంటే తండ్రులు ఆ సంబంధాన్ని దాచుకోలేదు, రాతి మీద చెక్కించుకోవడానికి ఎవరికీ సిగ్గు లేదు.

ఇది స్వర్ణయుగమని నేననడం లేదు. గుడి అధికారం, రాజు అధికారం రెండూ మగవాళ్ల చేతుల్లోనివే. చిన్నపిల్లని గుడికి అప్పగించేటప్పుడు ఆమెని అడిగినవాళ్లు లేరు. నేనంటున్నది ఆ మాటకి ఒక హోదా ఉండేదని, ఆ హోదా మొగుడి వల్ల వచ్చింది కాదని.

'భోగం' సంగతీ ఇంతే. శాసనాల్లో అంగభోగం, రంగభోగం అన్న మాటలు తరచూ కనిపిస్తాయి. అంగభోగమంటే దేవుడికి చేసే స్నానం, గంధం, నైవేద్యం లాంటివి. రంగభోగమంటే ఆయన ముందు జరిగే ఆటా పాటా. ఆ భోగం దేవుడిది. దాన్ని నడిపే స్త్రీ భోగం మనిషి అయింది. తర్వాత దేవుడు తప్పుకున్నాడు, అనుభవించేవాడు మగవాడయ్యాడు. మాట అక్షరం మారకుండా 'బోగంది' అని తిట్టుగా మిగిలింది. తమిళంలో దేవరడియార్ అంటే దేవుడి పాదసేవకులు. ఆ మాటే ఇవాళ తమిళ వీధుల్లో అన్నిటికన్నా మొరటు తిట్టు.

పంతొమ్మిదో శతాబ్దంలో జరిగింది తొందరగా చెప్పేస్తాను, చాలామందికి తెలిసిందే. గుడికి అంకితం చేయడాన్ని మైనర్ బాలికల్ని వ్యభిచారానికి అప్పగించడంగా 1860 నాటి శిక్షాస్మృతి కింద కోర్టులు చదివాయి. సంస్కర్తలు మేజువాణీల మీద విరుచుకుపడ్డారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో అంకితాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1956లో ఆంధ్రలో దాన్ని సవరించి, పెళ్లిళ్లలో మేళాలు ఆడడాన్నీ దాని పరిధిలోకి తెచ్చారు. పిల్లల్ని కాపాడాలన్న సంస్కర్తల ఆవేదన నిజమైనదే. అయితే ఆ స్త్రీల చేతిలో ఉన్న విద్యకి, బతుకుతెరువుకి ఏం జరగాలన్న ప్రశ్నకి వాళ్ల దగ్గర ఒకటే జవాబు, పెళ్లి. మాటకి పోయిన మర్యాద మళ్లీ రావాలన్నా మొగుడే తేవాలి.

ముద్దుపళనికి జరిగింది ఈ నేపథ్యంలో చూడాలి. తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో రాధికా సాంత్వనం రాసిన ఆమె, కావ్యం మొదట్లో తన అమ్మమ్మలనీ, తన విద్యనీ సగర్వంగా చెప్పుకుంది. వీరేశలింగం ఆమె పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, వేశ్య గనక ఇలా రాసిందన్నారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చు వేయించి, సిగ్గనేది ఆడవాళ్లకే ఉండాలా, మగకవుల శృంగారం మాటేమిటని ముందుమాటలో నిలదీసింది. ఒక వేశ్య రాస్తే ఇంకో వేశ్య అచ్చు వేయించిందన్నది అప్పటి అభియోగాల్లో పెద్దది. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947లో ప్రకాశం ప్రభుత్వం ఎత్తేసింది. ముద్దుపళని కాలానికి వంశ పరిచయం అయినది, నాగరత్నమ్మ కాలానికి నేరారోపణ అయింది. మధ్యలో గడిచింది నూటయాభై ఏళ్లు.

మొగుడు లేని స్త్రీని సూచించే మాటలన్నీ చివరికి తిట్లు ఎలా అయ్యాయో చూస్తే సాని ఒంటరిది కాదని తెలుస్తుంది. ముండ అంటే తల గొరిగించుకున్నది, అంటే విధవ. విధవ వెధవ అయి, విచిత్రంగా మగవాళ్లని తిట్టే మాటగా మారింది. పసివాణ్ణి ముద్దుగా "వెధవా" అనే అమ్మమ్మలకి ఆ మాటలో తమ బతుకే ఉందన్న ధ్యాస ఉండదు. పెళ్లాం పోయినవాడి పేరుతో తెలుగులో ఎవర్నీ తిట్టలేం, అలాంటి తిట్టే లేదు.

ఇక్కడ కులం సంగతి దాటెయ్యకూడదు. కళావంతుల స్త్రీలకి కనీసం పోగొట్టుకోవడానికి మాన్యాలు, సంగీతం, ఒక పాత పేరు ఉన్నాయి. కొందరు సూర్యబలిజలమని పేరు మార్చుకోగలిగారు. తెలంగాణలో జోగినులైన దళిత స్త్రీలకి అదీ లేదు. జోగిని యోగిని నుంచి వచ్చిందే, మాటలో మహత్తుంది. బతుకులో ఊరి పెద్దల లైంగిక దోపిడీ ఉంది. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ ఆచారాన్ని నిషేధించింది. మాట మంచిదైనంత మాత్రాన మనిషికి మర్యాద ఒరగదని జోగినుల చరిత్ర చెబుతుంది. సానికి ఒకప్పుడు దక్కిన మర్యాద భూమి వల్ల, గుడిలో ఉన్న హక్కు వల్ల, కులంలో ఉన్న చోటు వల్ల వచ్చిందే.

2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, తీర్పుల్లో స్త్రీల గురించి వాడకూడని మాటల జాబితాతో ఒక చిన్న పుస్తకం విడుదల చేసింది. వేశ్య బదులు సెక్స్ వర్కర్ అనాలంది. మంచిదే. అంతకు ఏడాదిన్నర ముందు, 2022 జనవరిలో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది. కాళ్లకూరి నారాయణరావు రాసిన ఈ నాటకంలో చింతామణినీ, ఆమె తల్లి శ్రీహరినీ అడ్డం పెట్టుకుని ఒక కులం ఆడవాళ్ల మీద దశాబ్దాల తరబడి రాత్రుళ్లు స్టేజీల మీద పడిన మాటలకి లెక్క లేదు. నిషేధానికి కారణం అది కాదు. సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు ఫిర్యాదు చేశాయి.