ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థలు: వర్తకులకు వర్తించే విక్రయ నిబంధనలు

ఇంటర్నెట్‌లో దుకాణం తెరిచిన వర్తకునికి సరుకు, వెబ్‌సైటు ఉంటే సరిపోదు. కొనుగోలుదారు చెల్లించే సొమ్మును స్వీకరించి, తన బ్యాంకు ఖాతాకు చేర్చే మధ్యవర్తి సంస్థ కూడా అవసరం. ఇటువంటి సంస్థలను పేమెంట్ అగ్రిగేటర్లు అంటారు. ఇవి అన్ని రకాల వ్యాపారాలనూ అంగీకరించవు. ఈ ఆంక్షలకు మూలాలు రెండు: ఒకటి చట్టం, రెండవది ఒప్పందం.

భారతీయ రిజర్వు బ్యాంకు 2020 మార్చి 17న జారీచేసిన మార్గదర్శకాలు వర్తకుల పూర్వాపరాలను పరిశీలించే బాధ్యతను ఈ సంస్థలపై ఉంచాయి. నకిలీ, నిషిద్ధ వస్తువులు విక్రయించేవారికి సేవలు అందకుండా చూడటం ఇందులో భాగం. 2025 సెప్టెంబరు 15న రిజర్వు బ్యాంకు ఈ రంగానికి సమగ్ర ఆదేశాలు వెలువరించింది.

ఎలక్ట్రానిక్ సిగరెట్ల విక్రయాన్ని 2019 నాటి చట్టం నిషేధించింది. ఈ-కామర్స్ వెబ్‌సైట్లు బాణసంచాకు ఆర్డర్లు స్వీకరించరాదని సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 23న ఆదేశించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు చెల్లింపులు జరపరాదని 2025 నాటి ఆన్‌లైన్ గేమింగ్ చట్టం బ్యాంకులకు, చెల్లింపుల సంస్థలకు స్పష్టం చేసింది.

అయితే, చట్టం అనుమతించిన వ్యాపారాన్ని సైతం సంస్థలు తిరస్కరించవచ్చు. పొగాకు ఉత్పత్తుల విక్రయం చట్టబద్ధమే అయినా, పలు సంస్థల నిషిద్ధ జాబితాలో అవి ఉన్నాయి. ఇందుకు ప్రధాన కారణం ఆర్థికపరమైన ముప్పు. కొనుగోలుదారు ఫిర్యాదుపై కార్డు చెల్లింపు వెనక్కి మళ్లినప్పుడు, వర్తకుడు ఆ సొమ్ము చెల్లించకపోతే భారం మధ్యవర్తి సంస్థపై పడుతుంది.

ఈ తేడా తెలియకపోతే చిన్న వర్తకులు నష్టపోతారు. వస్త్రాల వ్యాపారిగా నమోదై, తరువాత జాబితాలోని నిషిద్ధ వస్తువును అమ్మకానికి పెడితే, ఖాతా నిలిచిపోవచ్చు. అప్పటికే జరిగిన వస్త్రాల అమ్మకపు సొమ్ము కూడా ఒప్పందం మేరకు కొంతకాలం చేతికి అందకపోవచ్చు.

కనుక నమోదుకు ముందే నిషిద్ధ వస్తువుల జాబితాను, సొమ్ము నిలిపివేతకు సంబంధించిన షరతులను చదవాలి. విక్రయించే వస్తువులను ఉన్నది ఉన్నట్లు ప్రకటించాలి. కొత్త రకం సరుకు చేర్చేముందు లిఖితపూర్వకంగా అనుమతి పొందాలి. వస్తువుల వాపసు, సొమ్ము తిరిగి చెల్లింపు గడువులను వెబ్‌సైటులో స్పష్టంగా పేర్కొనాలి. వివాదం తలెత్తితే, మొదట ఆ సంస్థ నియమించిన నోడల్ అధికారికి ఫిర్యాదు చేయాలి.