గరిడినుండి గనికి

బలమనగానే మనకు స్ఫురించునది ఒంటరి వీరుడు. సంజీవని పర్వతమునెత్తిన ఆంజనేయుడును, బకాసురుని గూల్చిన భీమసేనుడును మన కథలలో ఒక్కొక్కరుగనే నిలిచియున్నారు. కాని బలమును సంపాదించిన చోట్లను వెదకికొనుచు పోయినచో కథ మారును. గరిడిలో గాని, తాలీంఖానాలో గాని, పాఠశాల మైదానమున గాని, బొగ్గుగని లోతున గాని మనిషి బలమును నేర్చినది పదిమందితో కలిసియే. ఒకరి అడుగుతో ఒకరి అడుగును కలుపుట బలమునకు అలంకారము కాదు. అది బలమును పుట్టించు పద్ధతి. ఈ పద్ధతికి తెలుగునాట ఏడువందల ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఆ చరిత్రలోని ఒక మజిలీ గోదావరి కుడిగట్టున వెలసిన గోదావరిఖని.

కాకతీయ గణపతిదేవ చక్రవర్తి గజసాహిణి జాయప సేనాని క్రీ. శ. 1253-54 ప్రాంతమున 'నృత్తరత్నావళి' యను సంస్కృత గ్రంథమును రచించెను. నృత్తమును గూర్చి వ్రాసినవాడు సేనానాయకుడగుట గమనింపదగిన సంగతి. అతడు శాస్త్రబద్ధమైన మార్గనృత్తముతో తృప్తి పడక జనులాడు దేశి నృత్తములను గూడ శ్రద్ధతో వర్ణించెను. పేరణియు, మన కోలాటమును తలపించు దండరాసకమును అందు గలవు. కోలాటమును ఆడినవారికి దానిలోని శిక్షణ తెలియును. మోకాళ్లు కొంచెము వంగవలెను, నడుము తిరుగవలెను, పాదము తాళమును విడువరాదు, చూపు ఎదుటివానిపై నుండవలెను. రెండు కోలలు ఒక్క క్షణమున తాకవలెను. తాళము తప్పినవానికి వేరొకరు శిక్ష విధింపనక్కరలేదు; ఎదుటివాని కోలయే వ్రేలిపై విధించును.

సాము నేర్పు చోటును తెలుగున గరిడి యందురు. నిజాము రాజ్యమున అట్టి చోటికి తాలీంఖానా యను పేరు ప్రసిద్ధమయ్యెను. తాలీమనగా అరబ్బీ భాషలో బోధన. కండలు పెంచు చోటికి బడి యని పేరు పెట్టిన తెలివి మెచ్చదగినది. మెత్తగా త్రవ్విన మట్టి గోదా, ప్రక్కన ముద్గరములు, మూలను సంగిడి రాయి — ఇంతే ఆ బడి సామగ్రి. ఉస్తాదు లెక్క పెట్టుచుండగా శిష్యులు వరుసగా నిలిచి దండీలు, బస్కీలు తీయుదురు. దండీ తీయువాడు చేతులను నేలనాన్చి, దేహమును వెనుకకు లాగి, రొమ్మును నేలకు దగ్గరగా పోనిచ్చి, పాము పడగవలె తల పైకెత్తును. భుజము, వెన్ను, నడుము, తొడలు అన్నియు ఆ ఒక్క కదలికలో పనిచేయును. బిగువును సాగుడును వేరువేరుగా నేర్పుటకు బదులు రెంటిని ఒక్క ఊపిరిలో నేర్పిన అభ్యాసమది. ఒంటరిగా ఇరువదియైదు తీసి అలసిపోవువాడు వరుసలో నిలిచినపుడు నలుబది తీయుట ఉస్తాదులకు క్రొత్త సంగతి కాదు.

గోదాలోనికి దిగని జనమునకును ఈ విద్య అందకపోలేదు. పీరీల పండుగనాటి రాత్రి తెలంగాణ పల్లెలలో అలావా చుట్టును మతభేదము లేక ఊరివారందరు ఒక్క వలయముగా అడుగు వేయుచుందురు. బతుకమ్మ ఆడు స్త్రీలు వంగుచు, లేచుచు, చప్పట్లు చరచుచు గంటల తరబడి తిరుగుదురు. వ్యాయామమను మాట ఎవరును ఎత్తరు. ఐనను మరునాడు నొప్పిపెట్టు పిక్కలే అది వ్యాయామమని సాక్ష్యమిచ్చును.

ఒంటరి వీరునిగా మనకు పరిచితుడైన కోడి రామమూర్తినాయుడు కథను గూడ ఈ దృష్టితో చూడవలెను. శ్రీకాకుళ ప్రాంతములోని వీరఘట్టమున పుట్టి, 1942 లో కీర్తిశేషుడైన ఆయనను జనులు కలియుగ భీముడని కొనియాడిరి. రొమ్ముపై ఏనుగును నిలుపుటయు, ఉక్కు గొలుసులను త్రెంచుటయు జనులకు గుర్తున్నవి. కాని ఆయన మొదట మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరమున పిల్లలకు వ్యాయామము నేర్పిన ఉపాధ్యాయుడు. తరువాత ఒక సర్కస్ దళమును నిర్మించి దేశదేశములు నడిపించినవాడు. సర్కసులో ఊయలనుండి ఎగిరినవాని ప్రాణము పట్టుకొనువాని చేతిలో నుండును. ఆ నమ్మకమును దినదినాభ్యాసముతో కూర్చిన గురువుగా గూడ ఆయనను స్మరింపవలెను.

ఇట్లు మన గరిడి సాగుచుండగనే ఐరోపాలో వేరొక ధార బయలుదేరెను. 1811 లో ఫ్రీడ్రిక్ యాన్ బెర్లిను నగరపు వెలుపల బహిరంగ వ్యాయామస్థలము తెరచెను. 1813 లో పేర్ హెన్రిక్ లింగ్ స్టాక్‌హోములో వ్యాయామ విద్యాలయమును స్థాపించెను. 1862 లో ప్రాగు నగరమున సోకోల్ అను వ్యాయామ సంఘము పుట్టెను. చెక్ జాతి మేల్కొనుటకు అది తోడ్పడెను. 1920 లో హారీ క్రో బక్ మద్రాసులో వై. ఎం. సి. ఎ. వ్యాయామ కళాశాలను ప్రారంభించెను. పాఠశాల మైదానములలో డ్రిల్లు మాస్టరు ఈల మ్రోగినది. 'ఒకటి, రెండు' అను లెక్కకు వందలాది చేతులు ఒక్కసారి లేచినవి.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. వేయి చేతులు ఒక్కసారి లేచుట చూచుటకు ఇంపుగా నుండును. కాని ఆ చేతులను లేపినదెవరు అను ప్రశ్నను మరువరాదు. జర్మనీని 1933 నుండి 1945 వరకు పాలించిన నాజీలు ఇట్టి సామూహిక ప్రదర్శనలనే తమ అధికారమునకు పతాకముగ చేసికొనిరి. అందరి అడుగును కలుపుట మానవుని బలపరచును. అదే అతని వివేకమును నిద్రపుచ్చనుగూడ వచ్చును. మంచిదానిని చెడ్డదానినుండి వేరుచేయు గుర్తు ఒకటి కావలెను. ఆ గుర్తును నేను బొగ్గుగనిలో వెదకుచున్నాను.

1871 లో భారత భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886 లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందెను. 1920 డిసెంబరు 23 న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. రామగుండము చెంత గనులు తెరవబడినది 1960 ప్రాంతమున. ఆ గనుల చుట్టును పెరిగిన ఊరే గోదావరిఖని.

ఆనాటి బొగ్గుబాయిలో పని యంతయు దేహముతోనే. పేల్చిన బొగ్గును ఫిల్లర్లు చెమ్మసుతో తట్టలకెత్తి టబ్బులలో నింపెడివారు. కప్పు క్రింద దుంగను నిలబెట్టుటకు ఇద్దరు ముగ్గురు ఒక్క కేకతో ఒక్కసారి ఎత్తవలెను. ఒకడు ముందుగా ఎత్తినచో వాని నడుము పోవును. ఒకడు ఆలస్యముగా ఎత్తినచో తోటివాని వ్రేళ్లు నలుగును. కోలాటపు న్యాయమే ఇచటను చెల్లును. కాని పని వేరు, వ్యాయామము వేరు. రోజును ఒకే వైపు వంగి, ఒకే భుజముతో ఎత్తువాని కండ గట్టిపడును గాని కీళ్లు బిగుసుకొనును. దేహమును అన్ని దిక్కులకు త్రిప్పి, సమముగా వాడి, బిగువుతోపాటు సాగుడు నిచ్చునదే శిక్షణ. శ్రమజీవికి వ్యాయామమెందుకని తేలికగా అనువారు ఈ భేదమును గుర్తింపవలెను.

గనిలో ఈ శిక్షణ అత్యున్నత రూపము దాల్చినది రెస్క్యూ దళమునందు. 1906 మార్చి 10 న ఫ్రాన్సు ఉత్తరభాగములోని కూరియేర్ గనిలో పేలుడు సంభవించి 1,099 మంది మరణించిరి. ఫ్రాన్సునకు ఆనాడు శత్రుప్రాయమైన జర్మనీనుండి, వెస్ట్‌ఫేలియా గనుల రక్షకులు ప్రాణవాయు పరికరములతో సహాయమునకు వచ్చిరి. ప్రమాదము జరిగిన ఇరువది దినములకు పదుముగ్గురు సజీవులై బయటికి రాగా లోకము ఆశ్చర్యపడెను. మన దేశమున 1936 డిసెంబరులో పొయిదీ గని పేలుడునందు 209 మంది బలియైరి. 1939 లో గనుల రెస్క్యూ నియమములు వెలువడెను. 1985 లో వాటికి బదులు క్రొత్త నియమములు వచ్చినవి. సింగరేణి సంస్థ ప్రధాన రెస్క్యూ స్టేషను రామగుండముననే కలదు.

ఆ శిక్షణను ఊహింపుడు. వీపున సుమారు 15 కిలోల ప్రాణవాయు యంత్రము. పొగయు, వేడియు, చీకటియు నింపిన శిక్షణ సొరంగము. దళమున అయిదారుగురు. వారు వంగి నడువవలెను, ప్రాకవలెను, ఇరుకు సందులలో దూరవలెను, గాయపడినవానిని డోలీపై మోయవలెను. పాతరకపు యంత్రములలో గొట్టమును పండ్లతో పట్టుకొని ముక్కును బిగించి యుంచుటచే మాటాడుటకు వీలుండెడిది కాదు. సంకేతములతోడనే దళము కదలెడిది. నాయకుడు నడుమనడుమ ఆగి అందరి కొలమానములను చూచును. ఎవని వాయువు అందరికంటె తక్కువగా నున్నదో వాని లెక్కను బట్టియే దళమంతయు వెనుదిరుగు వేళను నిర్ణయించును. ఒకని యంత్రము చెడినచో అందరును మరలవలసినదే. ఒకనిని విడిచి ముందుకు పోవుట యను మాట లేదు. ఎంత బలశాలియైనను తన బలముకొలది నడువడు. తోటివాని బలముకొలది నడచును.

మనము వెదకిన గుర్తు ఇదియే. బలహీనుని అడుగుకొరకు నిలుచు సమూహము మంచిది. బలహీనుని దాచివేసి చూపరులకొరకు నడచు సమూహము కేవల ప్రదర్శన. 2003 జూన్ నెలలో గోదావరిఖనిలోని 7 ఎల్. ఇ. పి. గనిలోనికి నీరు విరుచుకుపడి 17 మంది కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. అట్టి దినములను చూచిన ఊరికి ఈ శిక్షణ ఆటవిడుపు కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

కలిసి కదలినపుడు బలము హెచ్చుట కేవలము భ్రమ కాదని నేటి పరిశోధకులు చెప్పుచున్నారు. అమెరికను చరిత్రకారుడు విలియం మెక్‌నీల్ 1941 లో సైన్యమున చేరి టెక్సస్ మైదానమున కవాతు చేసినపుడు కలిగిన వింత ఉల్లాసమును మరువలేక, 1995 లో సామూహిక నృత్యముల, కవాతుల చరిత్రపై ఒక గ్రంథమునే ప్రకటించెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున పన్నిద్దరు పడవ క్రీడాకారులపై చేసిన పరిశోధన 2009 లో వెలువడెను. అదే శ్రమను ఒంటరిగా చేసినప్పటికంటె జట్టుగా చేసినపుడు వారు నొప్పిని గణనీయముగా హెచ్చు సహించిరి. ఉస్తాదుల అనుభవము శాస్త్రజ్ఞుల కొలతకు చిక్కినదన్నమాట.

ఇక మన రేడియోకును ఈ కథలో పాత్ర కలదు. 1928 నవంబరు 1 న జపాను రేడియోలో వ్యాయామ ప్రసారము మొదలయ్యెను. 'రేడియో తైసో' అను ఆ కార్యక్రమమును వినుచు ఇండ్లముంగిట, ఉద్యానవనములందు, కర్మాగారముల ఆవరణలందు జనులు కలిసి చేతులు చాపిరి. యుద్ధకాలమున ప్రభుత్వము దానిని జనులను ఒక్క త్రాటిపై నడుపుటకు వాడుకొనెను. యుద్ధానంతరమున అది కొంతకాలము ఆగి, 1951 లో క్రొత్త రూపమున మరల ప్రారంభమై నేటికిని సాగుచున్నది. దాదాపు మూడు నిమిషములు పట్టు ఈ కదలికలను ముదుసలులు తమకు వీలైనంతవరకే చేయుదురు; కూర్చుండియు చేయవచ్చును. ఆజ్ఞగా వాడుకొనబడిన అభ్యాసము ఆరోగ్యపుటలవాటుగ మారుట చరిత్రలోని శుభపరిణామము.

గోదావరిఖనిలో నేడు తట్టయు చెమ్మసును వెనుకబడినవి. సింగరేణి బొగ్గులో అత్యధికభాగము ఉపరితల గనులనుండి యంత్రములద్వారా వచ్చుచున్నది. 1990 ప్రాంతమున లక్షకు మించియున్న కార్మికుల సంఖ్య నేడు నలుబది వేల ప్రాంతమునకు తగ్గినది. తండ్రి నడుమును విరిచిన పని కుమారునికి లేకపోవుట సంతోషింపదగినదే. కాని ఎనిమిది గంటలు యంత్రముపై కూర్చున్నవాని నడుమును మరొక విధముగా బిగుసుకొనును. తండ్రికి తోటివారి కేక వినబడెడిది. కుమారునికి యంత్రపు హోరు మాత్రమే వినబడుచున్నది. పోయిన కష్టముతో పాటు పోయిన తోడును తిరిగి సంపాదించుకొనవలెను.

అందులకు పెద్ద సామగ్రి అక్కరలేదు. ప్రొద్దుటి వేళ నలుగురు ఇరుగుపొరుగువారు ఒక చావడిలోనో, బడి ఆవరణలోనో కలిసినచో చాలును. ఒకరు లెక్కపెట్టుదురు, దండీ తీయగలవారు తీయుదురు, తీయలేనివారు గోడనాని వంగుదురు. లెక్క మాత్రము అందరికిని ఒక్కటే. వరుసలో చివర నిలిచిన ముసలమ్మ చేయి పైకి లేచువరకు తరువాతి అంకెను పలుకకుండుటయే ఆ లెక్కకు నియమము.