కాలిబాట గీసిన కోణం

న్యూయార్క్‌లో 1902లో పూర్తయిన ఫ్లాటైరన్ భవనపు పదునైన మూలను చాలామంది ఆర్కిటెక్ట్ డేనియల్ బర్నమ్ ఊహకే కట్టబెడతారు. నా దృష్టిలో ఆ ఆకారాన్ని గీసింది అంతకన్నా ఎంతో పాతదైన ఒక కాలిబాట. మాన్‌హాటన్ మూలవాసులు నడిచిన దారే చాలామటుకు బ్రాడ్‌వే అయింది. 1811 నాటి ప్రణాళిక ద్వీపంలో చాలా భాగాన వీధులను నిలువుగా, అడ్డంగా గళ్లలా గీసినా, ఏటవాలుగా సాగే ఆ దారి చెరిగిపోలేదు. అది ఐదో అవెన్యూను దాటే చోట, 23వ వీధి పక్కన, ముక్కోణపు స్థలం మిగిలింది. అంత ఖరీదైన నేలలో అంగుళం వదలకుండా కడితే గోడలు అలాగే కలుస్తాయి. కొన దగ్గర వెడల్పు సుమారు 2 మీటర్లే.

ఇదంతా ఆ భవనపు ఉక్కు చట్రం చలవేనని, బాటకు ఇంత ఘనత తగదని ఎవరైనా అనవచ్చు. కానీ టొరంటోలో 1892లోనే ఎర్ర ఇటుకల గుడర్‌హామ్ భవనం ఇదే ఆకారంలో లేచింది. అక్కడా రెండు వీధులు ఏటవాలుగానే కలుస్తాయి. ఉక్కు అదనంగా ఇచ్చింది ఎత్తు, అదీ చిన్న విషయం కాదు: ఇరవైకి పైగా అంతస్తుల బరువును ఇటుక గోడలే మోయాలంటే కింద వాటి మందం పెరిగి, ఇరుకు కొనలో గదికి చోటే ఉండదు. మరి బర్నమ్ ప్రతిభ? కొనను గుండ్రంగా మలచి, సున్నపురాయి, టెర్రకోటా తొడిగి, మిగులు జాగాను నగరానికే ముఖంగా నిలపడం. శతాబ్దానికి పైగా ఆఫీసులున్న ఆ భవనాన్ని ఇప్పుడు అపార్ట్‌మెంట్లుగా మారుస్తున్నారు. బల్లలు సర్దడానికి ఇబ్బందైన మూలలే మూడు వైపుల వెలుతురుతో కాపురాలకు బాగా నప్పుతాయి.