ప్రియాన్ జన్యువు: 50 కోట్ల ఏళ్ల కథలో ఆదివాసుల పేజీ

మన కాకుమాను నుంచి బాపట్ల దాటి వెళ్తే స్టూవర్టుపురం వస్తుంది. నేరం వీళ్ల పుట్టుకలోనే ఉందంటూ తెల్లదొరలు ఎరుకల వాళ్లను అక్కడి సెటిల్‌మెంట్‌లో పెట్టారు. నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయింది గానీ ఆ మాట ఇంకా పోలేదు. అందుకే రక్తంలో తరతరాలుగా నిజంగా ఏం వస్తుందో మనం తెలుసుకోవాలి. ఒక జన్యువు కథ చెప్తాం.

ప్రియాన్ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు మనందరిలో ఉంది. దాని పూర్వీకులు జింకు లాంటి లోహాలను కణంలోకి మోసే ప్రోటీన్లని 2009లో కెనడా పరిశోధకులు చెప్పారు. వెన్నెముక జీవులు మొదలైన రోజుల్లో, సుమారు 50 కోట్ల ఏళ్ల కిందట, వాటిలోంచి ఇది చీలిందని అంచనా. ఈ ప్రోటీన్ మడత తప్పితే పక్కవాటినీ తప్పిస్తుంది. మెదడు స్పాంజిలా తయారవుతుంది.

పాపువా న్యూగినీలో ఫోరే ఆదివాసులకు వచ్చిన 'కురు' జబ్బు ఇదే. చనిపోయిన అయినవాళ్లను తినే సంతాప ఆచారం వల్ల అది పాకింది. ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు పోయారు. మొదట్లో దాన్నీ వంశపారంపర్యం అనుకున్నారు. ఆచారం ఆగాక పుట్టిన పిల్లలకు జబ్బు రాలేదు.

కొందరు ఫోరేల జన్యువులో 127వ చోట చిన్న మార్పు ఉందని 2009లోనే తేలింది. అది ఉన్నవాళ్లు బతికి పిల్లల్ని కన్నారు. 2015లో ఎలుకల్లో పరీక్షిస్తే ఆ మార్పు ప్రియాన్ జబ్బులను పూర్తిగా అడ్డుకుంది. ఇప్పుడు మందు వెతికేవాళ్లు దాన్నే చదువుతున్నారు.

హాస్టల్లోనో కాలేజీలోనో ఎవరైనా "మీ రక్తమే అంత" అంటే, ఈ కథ చెప్పండి.