హిజ్లీ స్టేషన్‌లో సెంద్ర రోజు

బెంగాలీలకు ఫలహారిణి కాళీపూజ, మన పంచాంగంలో వైశాఖ అమావాస్య. పూర్తిగా తెల్లారలేదు గానీ చొక్కా అప్పుడే వీపుకి అంటుకుంటోంది. మీరు బెంగాల్‌లోని హిజ్లీ స్టేషన్ బయట టీ తాగుతున్నారు. పక్కన కూర్చున్న పెద్దాయన రిటైరైన గాంగ్‌మన్. వాళ్ల తాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికని శ్రీకాకుళం నుంచి వచ్చాడు.

"సెంద్రోళ్లని చూడ్డానికొచ్చారేటి బాబూ? అదిగో, దిగుతున్నారు."

సంతాలు ఆదివాసులు, సెంద్ర అనే వేట పండక్కి వచ్చినవాళ్లు. విల్లులు గోనెపట్టాల్లో చుట్టుకున్నారు. గేటు దగ్గర రైల్వే పోలీసులు, అటవీ సిబ్బంది. మైకులో బెంగాలీలో ఒకటే హెచ్చరిక: వేట నేరం. బరిసెలు ఒక్కొక్కటే గోడవారకి చేరుతున్నాయి. ఒక ముసలాయన మాత్రం విల్లు వదలడు. గార్డు గుంజుకోడు, ఆయన ఇవ్వడు. "మా తాతలు వేటాడిన అడవి" అంటాడు చివరికి, ఎవరి మొహమూ చూడకుండా.

పట్టాలు దాటి ఆ అడవిలోకి నడవండి. ఎర్ర మొరం నేల, కాలి కింద ఎండిన సాలాకుల చప్పుడు. నరికిన మోళ్ల నుంచి మళ్లీ లేచిన సన్నటి సాల చెట్లు, వాటి వెనక వరసలు తీర్చిన జామాయిల్. సెంద్ర అంటే మాంసం ఒక్కటే కాదు. పగలు దిహ్రి అనే పూజారి వెంట ఊళ్లన్నీ కలిసి వేట, రాత్రి అడవిలోనే 'లో బీర్' సభ. ఊరి పెద్దల దగ్గర తెగని తగువులు అక్కడ తెగేవి. వేట పోతే వాళ్లకి పై కోర్టు కూడా పోయినట్టే.

ఇది ఒకప్పటి జమీందారీ అడవి. పుల్లలకీ ఆకులకీ కుందేళ్లకీ అడ్డు చెప్పని వాడుక ఉండేది. 1898 తర్వాత రైలు వచ్చింది, కలప కలకత్తా ధర పలికింది, మిడ్నాపూర్ జమీందారీ కంపెనీ అడవికి కట్టడి పెట్టింది. మన తెలుగువాళ్లని ఇక్కడికి తెచ్చిందీ ఆ రైలే. 1921-22లో సంతాలులు కంపెనీ మీద తిరగబడ్డారు. 1955లో జమీందారీ రద్దయి అడవి ప్రభుత్వానికి దఖలు పడింది. 1972 వన్యప్రాణి చట్టం, 1991 సవరణ వేటకి తలుపు పూర్తిగా మూసేశాయి. అయినా పండగ వేటలు ఆగలేదు. 2018 ఏప్రిల్‌లో, ఆ వేటల రోజుల్లోనే, లాల్‌గఢ్ అడవిలో పెద్దపులి చచ్చిపడి ఉంది. మరుసటి ఏడాది కలకత్తా హైకోర్టు ఈ వేటల్ని ఆపమంది.

ఆపాల్సిందే. మిగిలిన నాలుగు జంతువులూ పండక్కి చాలవు. కానీ ఆ ముసలాయన అడవి పోయింది జంతువుల కోసం కాదు, కలప కోసం. 2006 అటవీ హక్కుల చట్టం తేనె, తునికాకు లాంటివి ఏరుకునే హక్కు తిరిగి ఇచ్చింది. వేటని మాత్రం పేరు పెట్టి మినహాయించింది.