పొలంలో పాత రాళ్లు కనిపించాయా? తవ్వాలంటే ఎవరి పర్మిషన్ కావాలి?

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద వెళ్తూ చిట్యాల దగ్గర రామన్నపేట వైపు తిరిగితే తుమ్మలగూడెం వెళ్లొచ్చు. ఆ ఊరి పాత పేరు ఇంద్రపాలనగరం. విష్ణుకుండినుల రాగి రేకులు దొరికింది ఇక్కడే. వాటిలో ఒక శాసనం మీద శక సంవత్సరం 488 అని ఉంది. అంటే క్రీ.శ. 566. ఆ ఒక్క తేదీతో ఆ రాజుల కాలాన్ని చరిత్రకారులు మళ్లీ లెక్కగట్టాల్సి వచ్చింది.

ఇలాంటి చోటికి ఆదివారం వెళ్లొచ్చాక మీకూ ఒక ఆలోచన రావచ్చు. నలుగురు ఫ్రెండ్స్‌తో కలిసి కాస్త తవ్వి చూస్తే? భూమి మీదే అయినా సరే, రైతు ఒప్పుకున్నా సరే, అలా తవ్వడం కుదరదు.

లైసెన్స్ ఎవరిస్తారు?

పురావస్తు తవ్వకాలకు ఆధారం 1958 నాటి ప్రాచీన కట్టడాలు, పురావస్తు స్థలాల చట్టం, దాని కింద 1959లో వచ్చిన నిబంధనలు. కేంద్రం రక్షణలో ఉన్న స్థలంలో తవ్వాలంటే ఢిల్లీలోని భారత పురావస్తు శాఖ, అంటే ఏఎస్ఐ, డైరెక్టర్ జనరల్ లైసెన్స్ ఇవ్వాలి.

మరి రక్షిత జాబితాలో లేని మామూలు దిబ్బ అయితే? చాలామంది పొరబడేది ఇక్కడే. అది రాష్ట్రం చేతిలోనే ఉంటుందనుకుంటారు. కానీ ఆ చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం అక్కడ కూడా కేంద్రం ముందస్తు ఆమోదం లేకుండా రాష్ట్ర ప్రభుత్వం తాను తవ్వకూడదు, ఇంకొకరికి అనుమతి ఇవ్వకూడదు. అంటే మన హెరిటేజ్ తెలంగాణ శాఖ కూడా ఢిల్లీకి రాసి ఆమోదం వచ్చాకే పార పట్టాలి. వచ్చిన ప్రతిపాదనలను కేంద్ర పురావస్తు సలహా మండలి స్థాయీ సంఘం పరిశీలిస్తుంది.

రక్షిత స్థలంలో తవ్వకానికైతే పని మొదలుపెట్టాలనుకున్న తేదీకి కనీసం మూడు నెలల ముందే అప్లై చేయాలి. సెక్యూరిటీ డిపాజిట్ రూ.10,000 మించదు. కాబట్టి అసలు అడ్డంకి డబ్బు కాదు. అడిగే సంస్థ ఏది, తవ్వకానికి నాయకత్వం వహించే వ్యక్తికి అనుభవం ఉందా, సరిపడా సిబ్బంది ఉన్నారా అన్నవి చూస్తారు. అందుకే లైసెన్సులు ఎక్కువగా యూనివర్సిటీలకు, ప్రభుత్వ శాఖలకే దక్కుతాయి. మీరు ఎంఏ ఆర్కియాలజీ స్టూడెంట్ అయితే సొంతంగా అడగడం కన్నా మీ డిపార్ట్‌మెంట్ ద్వారా వెళ్లడమే దారి. తవ్వకం దాకా పోకుండా ఊరూరా తిరిగి పద్ధతి ప్రకారం సర్వే చేయాలన్నా సంస్థలు ఏఎస్ఐ అనుమతి తీసుకునే చేస్తాయి.

ఇంత పట్టుదల ఎందుకు?

సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో రాష్ట్ర శాఖ తవ్వకాల్లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఇక్ష్వాకుల కాలానివని గుర్తించారు. అవే గుప్తనిధుల కోసం రాత్రిపూట తవ్వేవాళ్లకు దొరికి ఉంటే? బంగారం కాదని విసిరేసేవాళ్లు, లేదంటే కరిగించేవాళ్లు. నాణెం ఒక్కటే చేతికొస్తే అది ఎవరిదో చెప్పగలం. ఏ పొరలో, ఏ గోడ పక్కన, దేంతో కలిసి దొరికిందో రాసి ఉంటేనే ఆ ఊరి కథ తెలుస్తుంది. ఒకసారి చెదిరిన పొరను మళ్లీ పేర్చలేం. మన వైపు ‘రాకాసి గుళ్లు’ అని పిలిచే ఇనుప యుగపు సమాధులు చాలాచోట్ల ఇలాగే పాడయ్యాయి.

అనుకోకుండా దొరికితే?

బోరు వేస్తుంటేనో, పునాది తీస్తుంటేనో ఏదైనా బయటపడితే అది నేరం కాదు. దాచిపెడితేనే నేరం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. (పది రూపాయల పరిమితి బ్రిటిష్ కాలం నాటిది. ఇప్పుడు దాంతో చాయ్ రావడమే కష్టం.) చెప్పకపోతే ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. 2021లో జనగామ జిల్లా పెంబర్తిలో భూమి చదును చేస్తుండగా నగలున్న బిందె బయటపడితే అధికారులే స్వాధీనం చేసుకున్నారు.

‘చెబితే మనకేం మిగలదు’ అన్న భయం ఉంటుంది కానీ, చట్టం అలా అనడం లేదు. సొంతదారు ఎవరూ లేరని తేలిన నిధిలో, వేరే ఒప్పందం లేకపోతే, దొరికించుకున్నవారికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకోవాలనుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. అయితే ఇదంతా కలెక్టర్ విచారణ ముగిశాకే.

విగ్రహం లాంటి వందేళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది. వాటిని విదేశాలకు పంపే హక్కు ప్రైవేటు వ్యక్తులకు లేదు.

ఇక చేయగలిగిన పనులు. దూరం నుంచి, దగ్గర నుంచి ఫొటోలు తీయండి. పక్కన స్కేలు పెట్టండి. ఊరు, సర్వే నంబర్ రాసుకోండి. పట్టా భూమి అయితే ముందు రైతును అడగండి. శాసనం కనిపిస్తే అక్షరాలు తేలాలని ముగ్గుపిండి, పెయింట్ పూయొద్దు. ఏటవాలుగా టార్చ్ వేస్తే చాలు. ఫొటోలను తహసీల్దారుకు, హెరిటేజ్ తెలంగాణకు పంపండి. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం లొకేషన్ షేర్ చేయకండి. గుప్తనిధుల బ్యాచ్‌ల దగ్గర కూడా ఫోన్లుంటాయి.